యూదు విద్వేషం – యువత, కుటుంబాల నిబ్బరం: కొత్తరెడ్డిపాలెం బెనె ఎఫ్రాయిమ్ సమాజం నేపథ్యంగా ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

యూదు విద్వేషం ఐరోపా, అమెరికా దేశాల సమస్య అని, తెలుగు నేలకు దానితో సంబంధం లేదని సాధారణంగా భావిస్తారు. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపంలోని కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే ఒక యూదు సమాజం ఉంది. బెనె ఎఫ్రాయిమ్ అని తమను తాము పిలుచుకునే ఈ సమాజానికి కుల వివక్ష అనుభవం, యూదులుగా ఎదురైన ముప్పు, యూదులు కారన్న సందేహం మూడూ ఒకేసారి ఎదురయ్యాయి. ఇటువంటి స్థితిలో పెరిగే పిల్లలకు, వారి కుటుంబాలకు నిబ్బరం ఎలా కలుగుతుంది, అందులో కుటుంబం, కళాశాల నిర్వహించవలసిన పాత్రలు ఏమిటి అన్న ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. భద్రత అవసరమే అయినా అది సరిపోదని, బాధితుల మాటను నమ్మడమే సహాయానికి తొలిమెట్టు అని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: యూదు విద్వేషం, బెనె ఎఫ్రాయిమ్, కొత్తరెడ్డిపాలెం, దళిత అస్తిత్వం, నిబ్బరం, సాంస్కృతిక శిక్షణ, కళాశాల విద్య.

1. ఉపోద్ఘాతం

ఒక సమాజంపై ద్వేషం వ్యక్తమైనప్పుడు చర్చ ఎక్కువగా నేరం, శిక్ష, భద్రత అన్న అంశాల చుట్టూ తిరుగుతుంది. ఆ ద్వేషాన్ని విన్న పిల్లవాడు ఇంటికి వచ్చి ఏమి అడుగుతాడు, తల్లిదండ్రులు ఏమి చెప్పగలరు, మర్నాడు తరగతిలో అధ్యాపకుడు ఎలా స్పందిస్తాడు అన్నవి వెనుకబడిపోతాయి. యువత జీవితాన్ని మలిచేది మాత్రం ఈ రెండో పార్శ్వమే.

యూదు విద్వేషం విషయంలో తెలుగు ప్రాంతానికి ఒక ప్రత్యేకత ఉంది. ఇక్కడ యూదుల సంఖ్య అత్యల్పం. యూదుల గురించిన మాటలు, పోలికలు, కథలు మాత్రం విస్తారంగా ప్రచారంలో ఉన్నాయి. యూదుల ముఖమైనా చూడని వారికి కూడా యూదుల గురించి ఒక అభిప్రాయం ఉంటుంది. ఆ అభిప్రాయాల మధ్య నిజమైన యూదు కుటుంబాలు బతకవలసి వచ్చినప్పుడు ఏర్పడే పరిస్థితి పరిశోధకుల దృష్టికి రావలసి ఉంది.

2. యూదు విద్వేషం: పదం, నిర్వచనం

యూదులపై ద్వేషం ప్రాచీనమైనది. దానికి ఐరోపా భాషల్లో ‘యాంటీసెమిటిజం’ అన్న పేరు ప్రచారంలోకి వచ్చింది 1879 ప్రాంతంలో, జర్మన్ రచయిత విల్‌హెల్మ్ మార్ రచనల ద్వారా. అంతకుముందు ప్రధానంగా మతపరమైన ఆరోపణగా ఉన్న ద్వేషం, ఈ పదంతో జాతి సిద్ధాంతం రూపం ధరించింది. మతం మార్చుకున్నా యూదుడు యూదుడే, పుట్టుకే అతని దోషం అన్నది ఆ సిద్ధాంత సారం. పుట్టుకను బట్టి మనిషి విలువను నిర్ణయించే కుల వ్యవస్థను ఎరిగిన పాఠకులకు ఈ తర్కం కొత్తది కాదు.

సమకాలీన నిర్వచనాలలో రెండు ముఖ్యమైనవి. అంతర్జాతీయ హోలోకాస్ట్ స్మృతి కూటమి 2016లో ఆమోదించిన కార్యాచరణ నిర్వచనం మొదటిది. దానిలోని కొన్ని ఉదాహరణలు ఇజ్రాయెల్ ప్రభుత్వంపై విమర్శను కూడా నిరోధించేలా ఉన్నాయని భావించిన పండితులు 2021లో వెలువరించిన జెరూసలేం ప్రకటన రెండవది. ఈ రెండింటి మధ్య వివాదం కొనసాగుతున్నా ఒక అంశంలో ఏకీభావం కనిపిస్తుంది. ఒక రాజ్యం చేసే పనులకు ప్రపంచంలో ఎక్కడో ఉన్న యూదులను యూదులైనందుకే బాధ్యులను చేయడం విద్వేషమే. గాజాలో పాలస్తీనీయుల బాధ గురించి మాట్లాడటం, ఇజ్రాయెల్ విధానాలను విమర్శించడం వేరు. దానికి పక్క బెంచీలోని విద్యార్థిని సంజాయిషీ అడగడం వేరు. ఈ తేడాను స్పష్టంగా చెప్పగలగడం అధ్యాపకుల ప్రాథమిక బాధ్యత.

3. భారతదేశంలో యూదులు – ‘ఇక్కడ ద్వేషం లేదు’ అన్న భావన

భారతదేశంలో కొచ్చిన్ యూదులు, కొంకణ తీరంలోని బెనె ఇజ్రాయెల్, బొంబాయి–కలకత్తాలలో స్థిరపడిన బాగ్దాదీ యూదులు చిరకాలంగా ఉన్నారు. మణిపూర్, మిజోరం ప్రాంతాలలోని బ్నే మెనాషే, తెలుగు ప్రాంతంలోని బెనె ఎఫ్రాయిమ్ ఇరవయ్యో శతాబ్దపు ద్వితీయార్ధంలో యూదులుగా ముందుకు వచ్చిన సమాజాలు. కొంకణంలో గానుగ ఆడించి నూనె తీసే బెనె ఇజ్రాయెల్ వారు శనివారం పని మానేవారు కనుక ఇరుగుపొరుగు వారిని ‘శనివారం తేలీలు’ అని పిలిచేవారు. తమకంటే భిన్నమైన ఆచారాన్ని గమనించి, దానికి వృత్తి కులపు పేరు పెట్టి, పక్కన ఉండనిచ్చిన తీరు ఇందులో కనిపిస్తుంది.

ఈ చరిత్ర ఆధారంగానే ‘భారతదేశంలో యూదు విద్వేషం లేదు’ అన్న మాట స్థిరపడింది. స్థానిక సమాజాల విషయంలో అది చాలావరకు నిజం. కానీ సంపూర్ణ సత్యం కాదు. పోర్చుగీసు పాలనలోని గోవాలో 1560లో స్థాపితమైన మత విచారణ వ్యవస్థ రహస్యంగా యూదాచారాలు పాటించే వారిని వేటాడింది. 2008 నవంబరు 26న ముంబయిలో మొదలైన దాడులలో ఉగ్రవాదులు నారిమన్ హౌస్‌లోని యూదు కేంద్రాన్ని ప్రత్యేకంగా ఎంచుకున్నారు. రబ్బీ గావ్రియేల్ హోల్ట్స్‌బర్గ్, ఆయన భార్య రివ్కా హతులయ్యారు. వారి రెండేళ్ల కుమారుణ్ణి ఆయా సాండ్రా శామ్యూల్ ప్రాణాలకు తెగించి కాపాడింది.

బాధితులకు సహాయం అన్న దృష్టితో చూస్తే ‘ఇక్కడ ద్వేషం లేదు’ అన్న మాట గర్వకారణంతో పాటు ఒక అడ్డంకి కూడా. తనకు జరిగిన అవమానాన్ని చెప్పుకున్న విద్యార్థికి ‘మన దేశంలో అలాంటివి ఉండవు’ అన్న జవాబు వస్తే, అతని అనుభవం లేనిదిగా మారిపోతుంది.

4. బెనె ఎఫ్రాయిమ్: కులం, మతం, గుర్తింపు

కొత్తరెడ్డిపాలెంలోని ఈ సమాజం చిన్నది. సభ్యులలో ఎక్కువమంది వ్యవసాయ కూలీలు, మాదిగ నేపథ్యం నుండి వచ్చినవారు, కొంతకాలం క్రైస్తవులుగా ఉన్నవారు. సోదరులైన షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి నాయకత్వంలో వీరు బహిరంగంగా యూదాచారాలను చేపట్టారు. 1991లో ఊరిలో ప్రార్థనా మందిరం ఏర్పడింది. ప్రాచీన ఇజ్రాయెలులో తప్పిపోయిన పది గోత్రాలలో ఒకటైన ఎఫ్రాయిము సంతతి తామని వీరి విశ్వాసం. శనివార విశ్రాంతి, పస్కా వంటి పండుగలు, హీబ్రూ ప్రార్థనలు వీరి మత జీవితంలో భాగాలు. యూలియా ఈగొరొవా, షాహిద్ పర్వేజ్ క్షేత్ర పరిశోధన ఆధారంగా రచించిన ‘ది జ్యూస్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్’ (2013) ఈ సమాజంపై ప్రామాణిక గ్రంథం. యూదు అస్తిత్వాన్ని చేపట్టడంలో కులాన్ని ప్రశ్నించే ప్రయత్నం కూడా ఉందని ఆ గ్రంథం చూపుతుంది.

మందిరం వెలసిన 1991లోనే, ఆగస్టు 6న, అప్పటి గుంటూరు జిల్లాలోని చుండూరులో దళితుల ఊచకోత జరిగింది. 1985 జూలైలో కారంచేడు హత్యాకాండ అప్పటికే కోస్తా దళితుల జ్ఞాపకంలో ఉంది. ఈ రెండింటికీ మందిర స్థాపనకూ కార్యకారణ సంబంధం ఉందని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. కానీ ఆ కాలంలో ఆ ప్రాంతంలో పిల్లలను పెంచిన దళిత కుటుంబాలకు సామూహిక ద్వేషం అంటే ఏమిటో యూదు చరిత్ర చదివి తెలుసుకోవలసిన అవసరం లేదు.

4.1. ముప్పు ద్వారా వచ్చిన గుర్తింపు

లష్కర్-ఎ-తోయిబాతో సంబంధమున్న వారు గుంటూరు ప్రాంతపు యూదులను లక్ష్యంగా చేసుకున్నారన్న సమాచారం 2004లో వెలుగులోకి వచ్చింది. పోలీసుల దృష్టి కొత్తరెడ్డిపాలెంపై పడింది. ఇందులో ఒక వైపరీత్యం ఉంది. ఆచారాలు పాటించినంత కాలం సందేహంతో చూసిన బయటి ప్రపంచం, చంపదలచినవారు యూదులుగా లెక్కించిన తరువాత వారిని యూదులుగా గమనించింది.

యువత దృష్టితో ఇది సున్నితమైన విషయం. అస్తిత్వానికి రుజువు ప్రమాదమే అన్న పాఠం పిల్లల మనసులో నాటుకుంటే, భయం గౌరవానికి గుర్తుగా మారుతుంది. మరో చిక్కు కూడా ఉంది. ముప్పు ఒక ఉగ్రవాద సంస్థ నుండి వచ్చినా, అనుమానం పొరుగున ఉన్న ముస్లిం కుటుంబాలపైకి మళ్లే అవకాశం ఉంటుంది. ఒక ద్వేషం నుండి పిల్లలను కాపాడే క్రమంలో మరో ద్వేషాన్ని నేర్పకుండా ఉండటం పెద్దల ముందున్న పరీక్ష.

4.2. సందేహం అనే గాయం

బెనె ఎఫ్రాయిమ్ సమాజాన్ని ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీల వ్యవస్థ యూదులుగా గుర్తించలేదు. బ్నే మెనాషే సమాజానికి 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ ష్లోమో అమార్ గుర్తింపు లభించింది. శతాబ్దాల చరిత్ర ఉన్న బెనె ఇజ్రాయెల్ వారికి కూడా వివాహాల విషయంలో 1960లలో వంశ విచారణ తప్పలేదు. వారి నిరసనల ఫలితంగా 1964లో పూర్ణ గుర్తింపు వచ్చింది. సందేహాన్ని ఎదుర్కొన్నది తాము మాత్రమే కాదని తెలియడం యువతకు కొంత ఊరట.

స్వదేశంలో సమస్య మరో రూపంలో ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కుల హోదా హిందువులకు, తరువాతి సవరణల ద్వారా సిక్కులకు (1956), బౌద్ధులకు (1990) మాత్రమే వర్తిస్తుంది. యూదు మతాన్ని కాగితంపై ప్రకటిస్తే ఆ హోదాతో వచ్చే రిజర్వేషన్, ఉపకార వేతనం, 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టపు రక్షణ చేజారే ప్రమాదం ఉంది. మహారాష్ట్ర 2016లో యూదులకు అల్పసంఖ్యాక హోదా ఇచ్చింది. కానీ ఆ నిర్ణయం ఆ రాష్ట్రానికే పరిమితం. కనుక ఇటువంటి కుటుంబంలోని విద్యార్థి కళాశాల దరఖాస్తులో మతం గడి దగ్గర ఆగిపోతే అది సంకోచం వల్ల కాదు. విశ్వాసానికీ బతుకుదెరువుకూ మధ్య చట్టం పెట్టిన గీత వల్ల.

5. తెలుగు పరిసరాలలో విద్వేషపు ఛాయలు

యూదు విద్వేషం తెలుగు సమాజంలో ఎక్కువగా వ్యక్తమయ్యేది దాడిగా కాదు, అలవాటుగా.

మొదటిది, మత ప్రసంగాలలో ‘యేసును చంపినవారు’ అన్న సామూహిక నింద. కేథలిక్ సంఘం 1965 అక్టోబరు 28న వెలువరించిన ‘నోస్త్రా ఎతాతే’ ప్రకటనలో ఈ నిందను స్పష్టంగా తిరస్కరించింది. అన్ని ప్రసంగ వేదికలకూ ఆ తిరస్కరణ చేరలేదు. పైగా తెలుగు బైబిలులో యూదా గోత్రం, యూదులు, ద్రోహం చేసిన ఇస్కరియోతు యూదా అన్న పేర్లు ధ్వనిలో ఒకటిగా వినిపిస్తాయి. ‘యూదా’ అంటే ద్రోహి అన్న వాడుక వింటూ పెరిగిన యూదు బాలునికి తన సమాజపు పేరే నిందగా తోస్తుంది.

రెండవది, ‘షైలాక్’. షేక్‌స్పియర్ నాటకంలోని ఈ యూదు పాత్ర పేరు భారతీయ పత్రికా భాషలో అధిక వడ్డీలు గుంజే వారికి పర్యాయపదమైంది. ఆ పాత్ర వెనుక ఉన్న చరిత్ర, అంటే మధ్యయుగ ఐరోపాలో యూదులకు భూమి, వృత్తి సంఘాలు నిషిద్ధమై వడ్డీ వ్యాపారం వంటి కొద్ది మార్గాలే మిగలడం, పాఠంతో పాటు రాదు.

మూడవది, హిట్లర్ పట్ల ఆకర్షణ. క్రమశిక్షణకు, దేశభక్తికి నమూనాగా హిట్లర్‌ను ప్రస్తావించే ధోరణి దేశమంతటా ఉంది. అతని ఆత్మకథ పుస్తకాల దుకాణాలలో వ్యక్తిత్వ వికాస గ్రంథాల పక్కన కనిపిస్తుంది. 2012లో అహ్మదాబాదులో ఒక బట్టల దుకాణానికి హిట్లర్ పేరు పెట్టడం అంతర్జాతీయ విమర్శకు గురైంది. ఇటువంటి వాటి వెనుక యూదులపై కక్ష ఉండకపోవచ్చు. సుమారు 60 లక్షల యూదుల హత్య పట్ల అజ్ఞానం మాత్రం తప్పక ఉంది. బాధపడే విద్యార్థికి ఈ రెండింటి మధ్య తేడా అంతగా ఉపశమనం ఇవ్వదు.

నాలుగవది, సామాజిక మాధ్యమాలలో ప్రపంచాన్ని యూదులు రహస్యంగా నడుపుతున్నారన్న కుట్ర కథనాలు. 2023 అక్టోబరు 7 నాటి హమాస్ దాడి, ఆపై గాజా యుద్ధం తరువాత పలు దేశాలలో యూదు విద్వేష ఘటనలు పెరిగాయి. బ్రిటన్‌లో కమ్యూనిటీ సెక్యూరిటీ ట్రస్ట్ 2023లో 4 వేలకు పైగా ఘటనలను నమోదు చేసింది. అదే కాలంలో ముస్లింలపై ద్వేషమూ పెరిగింది. ఆ ప్రవాహం చేతిఫోను ద్వారా ఏ పల్లెకైనా చేరుతుంది.

6. నిబ్బరానికి సిద్ధాంత ఆధారాలు

రిచర్డ్ లాజరస్, సుసాన్ ఫోక్‌మన్ 1984లో ఒత్తిడిని ఎదుర్కొనే విధానాలను రెండుగా వర్గీకరించారు. సమస్యను మార్చే ప్రయత్నం ఒకటి. సమస్య కలిగించిన భావోద్వేగాన్ని సంభాళించుకోవడం రెండవది. ఫిర్యాదు చేయడం మొదటి కోవకు, నమ్మకమైన వ్యక్తితో చెప్పుకోవడం రెండవ కోవకు చెందుతాయి. మార్చగలిగిన పరిస్థితిలో మొదటిది, వెంటనే మార్చలేని పరిస్థితిలో రెండవది ఎక్కువ ఉపకరిస్తాయి. ప్రపంచ వ్యాప్తమైన ద్వేషాన్ని ఒక కుటుంబం మార్చలేదు. తరగతి గదిలోని ఒక ఎగతాళిని మాత్రం ఆపించగలదు. ఏది ఏ కోవకు చెందుతుందో విడదీయడం నేర్పితే యువతలో నిస్సహాయత తగ్గుతుంది.

అల్పసంఖ్యాక కుటుంబాల పెంపకంపై డయాన్ హ్యూస్, సహ పరిశోధకులు 2006లో ప్రచురించిన సమీక్ష నాలుగు ధోరణులను గుర్తించింది: తమ సంస్కృతిని, చరిత్రను నేర్పడం, ఎదురుకాగల వివక్షకు సిద్ధం చేయడం, ఇతరులపై అపనమ్మకం నేర్పడం, అందరూ సమానులే అని చెప్పి భేదాల ప్రస్తావన మానుకోవడం. వీటిలో సంస్కృతిని నేర్పడం పిల్లల ఆత్మగౌరవానికి ఎక్కువగా తోడ్పడుతుందని ఆ పరిశోధనలు సూచిస్తాయి. వివక్షకు సిద్ధం చేయడం అవసరమే కాని, అదొక్కటే నేర్పితే ఆందోళన పెరగవచ్చు.

కొత్తరెడ్డిపాలెం విషయంలో ఈ వర్గీకరణ అర్థవంతంగా అన్వయిస్తుంది. శుక్రవారం సాయంత్రపు దీపం, హీబ్రూ అక్షరాలు, పస్కా నాడు దాస్య విముక్తి కథను మళ్లీ చెప్పుకోవడం మత కర్మలు మాత్రమే కావు. కూలి పనికి, కుల అవమానానికి అలవాటు పడిన కుటుంబం తన పిల్లలకు ‘మనది విముక్తి పొందినవారి కథ’ అని చెప్పే సందర్భాలు. ద్వేషాన్ని గురించి చెప్పకముందే గౌరవాన్ని గురించి చెప్పే ఏర్పాటు అది.

7. కుటుంబం పాత్ర

పై ఆధారాలను బట్టి వయసు వారీగా కొన్ని సూచనలు చేయవచ్చు.

బాల్యంలో పిల్లలు అడిగినంత మేరకే, సూటిగా చెప్పడం మేలు. ‘కొందరు తెలియక తప్పుగా మాట్లాడతారు, తప్పు నీది కాదు, ఎవరైనా అలా అంటే మాకు చెప్పు’ అన్న మూడు మాటలు చాలు. హింసాత్మక దృశ్యాలు చూడనివ్వకపోవడం, పెద్దలు తమ భయాన్ని పిల్లల ముందు అదుపులో ఉంచుకోవడం ముఖ్యం.

కౌమారంలో ప్రశ్నలు మారతాయి. ‘మనం నిజంగా యూదులమేనా’, ‘మాదిగలం కూడానా’ అన్న ప్రశ్నలను అవిధేయతగా భావించి కొట్టివేయకూడదు. ఒకరికి రెండు వారసత్వాలు ఉండటం లోపం కాదని, ఒకదాన్ని చెప్పుకోవడానికి మరొకదాన్ని దాచనక్కరలేదని వివరించాలి. ఎగతాళికి ఎలా బదులివ్వాలో, ఎప్పుడు మౌనంగా పక్కకు తప్పుకోవాలో ఇంట్లోనే సాధన చేయించవచ్చు. జవాబివ్వకపోవడం పిరికితనం కాదన్న అనుమతి వారికి అవసరం.

కళాశాల వయసులో తన గుర్తింపును ఎవరికి, ఎంతవరకు వెల్లడించాలన్న నిర్ణయం యువతదే కావాలి. ‘ఎక్కడా చెప్పకు’ అని శాసించడం వల్ల రక్షణతో పాటు సిగ్గు కూడా వస్తుంది. ‘అందరికీ గర్వంగా చెప్పు’ అని ఒత్తిడి చేయడం వల్ల ప్రమాదం రావచ్చు. నిద్ర తగ్గడం, తరగతులకు వెళ్లనని మొండికేయడం, పండుగలకు దూరం కావడం వంటి మార్పులు వారాల తరబడి కొనసాగితే మానసిక ఆరోగ్య సహాయం తీసుకోవాలి. 2022లో ప్రారంభమైన జాతీయ ‘టెలి మానస్’ సేవ 14416 నంబరులో తెలుగులోనూ అందుబాటులో ఉంది.

8. కళాశాల పాత్ర

గ్రామం విడిచి ఉన్నత విద్యకు వచ్చిన అల్పసంఖ్యాక విద్యార్థికి సమాజపు ఆసరా దూరమవుతుంది. హైదరాబాదు ఉత్తర శివారులో మేడ్చల్, రావల్కోల్, శామీర్‌పేట పరిసరాల వంటి విద్యా ప్రాంతాలకు వివిధ జిల్లాల నుండి యువత వస్తుంది. తన మతం వాడు మరొకడు లేని తరగతిలో కూర్చునే విద్యార్థి యూదుడే కానక్కరలేదు. కింది సూచనలు అటువంటి వారందరికీ వర్తిస్తాయి.

i) నమ్మడం: ఫిర్యాదు విన్నవెంటనే ‘సరదాకి అని ఉంటారు’ అనకుండా, జరిగినదాన్ని విద్యార్థి మాటల్లోనే తేదీ, స్థలం, సాక్షులతో నమోదు చేయాలి. సామాజిక మాధ్యమాల సందేశాలైతే తెరపట్టులు భద్రపరచాలి.

ii) నిబంధనలను వినియోగించడం: 2012 నాటి యూజీసీ సమానత్వ నిబంధనలు కులం, మతం, జాతి తదితర కారణాలతో వివక్షను నిషేధించి, సమాన అవకాశాల విభాగాన్ని, వివక్ష నిరోధక అధికారిని నియమించాలని సూచించాయి. వర్గాల మధ్య శత్రుత్వాన్ని రెచ్చగొట్టడం భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ కింద, ఉద్దేశపూర్వకంగా మత భావాలను గాయపరచడం 299వ సెక్షన్ కింద నేరాలు. షెడ్యూల్డ్ కుల హోదా లేని వారికి కూడా ఇవి వర్తిస్తాయి.

iii) ఆచారాలకు చోటివ్వడం: శనివారం రాయడం నిషిద్ధమని నమ్మే విద్యార్థికి ఆ రోజు అంతర్గత పరీక్ష పెడితే విశ్వాసం, మార్కులలో ఒకటి వదులుకోవలసి వస్తుంది. మరో రోజు అవకాశం ఇవ్వడం శాఖ స్థాయిలోనే సాధ్యం.

iv) పాఠాన్ని సరిదిద్దడం: షైలాక్ పాత్రను బోధించేటప్పుడు దాని చారిత్రక నేపథ్యం, రెండో ప్రపంచ యుద్ధ పాఠంలో నరమేధం వివరాలు చెప్పడం అధ్యాపకుల చేతిలో పని. యూదు విద్వేషాన్ని కుల వివక్షతో పోల్చి చర్చించినప్పుడు తెలుగు విద్యార్థులకు అది పరాయి దేశపు సంగతిగా మిగలదు. పోలికలతో పాటు తేడాలనూ చెప్పాలి. కులం తక్కువవారిగా ముద్రవేసి తొక్కుతుంది. యూదు విద్వేషం తరచుగా అతి శక్తిమంతులుగా ఊహించి వేటాడుతుంది. బెనె ఎఫ్రాయిమ్ యువత ఈ రెండింటి మధ్య నిలబడి ఉంది: ఊరి దృష్టిలో బలహీనులు, కుట్ర కథల దృష్టిలో బలవంతులు.

v) ప్రతినిధిగా మార్చకపోవడం: ఏ యుద్ధ వార్త వచ్చినా ఆ విద్యార్థిని లేపి అభిప్రాయం అడగడం సానుభూతితో చేసినా భారమే.

9. ముగింపు

పై పరిశీలన నుండి ఈ అంశాలు తేలుతున్నాయి.

- తెలుగు ప్రాంతంలో యూదు కుటుంబాలు రెండు నిరాకరణలను ఎదుర్కొంటున్నాయి. ‘మీరు యూదులు కారు’ అన్నది ఒకటి. ‘ఇక్కడ యూదు విద్వేషం లేదు’ అన్నది రెండవది. ఈ రెండూ కలిసినప్పుడు గాయానికి పేరు కూడా లేకుండా పోతుంది.
- పోలీసు కాపలా ప్రాణాలను కాపాడుతుంది. ఆత్మగౌరవాన్ని కాపాడేది కుటుంబం నేర్పే సంస్కృతి, విద్యాసంస్థ చూపే నమ్మకం.
- వివక్షకు సిద్ధం చేయడం ఇతర సమాజాలపై అపనమ్మకంగా మారకూడదు.
- కుల హోదాను మతంతో ముడిపెట్టిన చట్టస్థితి ఈ యువత అస్తిత్వ సంఘర్షణకు ఒక మూలం. మానసిక సలహా దీనిని పరిష్కరించలేదు. విధాన స్థాయిలో చర్చ అవసరం.

ఈ సమాజంపై ఆంగ్లంలో గ్రంథస్థాయి అధ్యయనం వెలువడింది. పిల్లలు మాట్లాడే భాష మాత్రం తెలుగే. ఇంట్లో, బడిలో, మందిరంలో తమ గురించి తాము ఏ మాటలతో చెప్పుకుంటున్నారన్నది తెలుగులో జరగవలసిన పరిశోధన. ఆ యువతను పురాతన గోత్రపు ఆనవాళ్లుగా, ఉగ్రవాద లక్ష్యాలుగా చూసే అలవాటు దాటి, చదువు, కొలువు, పెళ్లి గురించి ఆలోచించే తెలుగు యువతగా చూసినప్పుడే ఆ పరిశోధన వారికీ ఉపయోగపడుతుంది.